డిస్కులు బిగించింది ఒక్క రోజులో, బ్రేకులు కుదిరింది మూడు వారాలకి

మా పాత కారుకి ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు (చక్రంతో తిరిగే పళ్లేన్ని రెండు వైపుల నుంచి ప్యాడ్లు పట్టి ఆపే రకం) వేశానని తెలిసిన వాళ్లందరూ మొదట అడిగే మాట ఒకటే, "ఇప్పుడు ఎంత దూరంలో ఆగుతోంది?" అని. మొదటిసారి గట్టిగా తొక్కితే మునుపు ఎంత దూరంలో ఆగేదో ఇప్పుడూ దాదాపు అంతే దూరంలో ఆగుతోంది. పాత డ్రమ్ములు (చక్రంతో తిరిగే గిన్నెని లోపలి నుంచి షూలు అనే వంపు ముక్కలు ఒత్తి ఆపే రకం) బాగుండి, చల్లగా ఉంటే అవి కూడా చక్రాన్ని తిరగనివ్వకుండా పట్టేయగలవు. చక్రం పట్టేశాక ఇక బండిని ఆపేది టైరే. పాత కాలపు సన్న టైర్ల మీద నడిచే కారుకి ఎంత పెద్ద డిస్కు పెట్టినా ఆ టైరుకి రోడ్డు మీద ఉన్న పట్టుని మించి ఆగదు. నేను ఈ పని పెట్టుకున్నది ఏడోసారి, పదోసారి తొక్కే బ్రేకు కోసం.

కారు 1960ల నాటిది. బరువు వెయ్యి కిలోలకి కాస్త అటూ ఇటూ, నాలుగు చక్రాలకీ డ్రమ్ములు, కాలి బలాన్ని పెంచే బూస్టర్ లేదు, పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్‌లో ఒకటే సర్క్యూట్, అంటే నాలుగు చక్రాలకీ ఆయిల్ వెళ్లే దారి ఒక్కటే. మామూలు రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. ఒకసారి ఘాట్ రోడ్డు దిగుతుంటే నాలుగో మలుపు దగ్గర పెడల్ అలవాటైన చోటు కన్నా కిందకి వెళ్లినట్టు అనిపించింది, ఆరో మలుపుకి ఇంకా కిందకి, ఆ తర్వాత ఎంత బలంగా తొక్కినా బండి మెల్లగా మాత్రమే తగ్గుతోంది, లోపలికి కాలిన వాసన వచ్చేసింది. సెకండ్ గేర్‌లో వేసి, హ్యాండ్ బ్రేక్ లాగుతూ ఎలాగో పక్కకి ఆపాను. అరగంట ఆగితే బ్రేకులు మళ్లీ మామూలుగా పనిచేశాయి! ఏమీ జరగనట్టే. ఆ అరగంటా బండి పక్కన నిలబడి ఉన్నప్పుడు కాళ్లు వణుకుతూనే ఉన్నాయి, ఎందుకంటే వెనక సీట్లో మా అమ్మ ఉంది.

ఎందుకలా జరుగుతుందో తెలిస్తే డిస్కులు ఎందుకో దానంతట అదే అర్థమవుతుంది. వెయ్యి కిలోల బండి గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే అందులో ఉన్న శక్తి సుమారు 386 కిలోజౌళ్లు, అంటే లీటరుంపావు నీళ్లని మరిగించేంత వేడి. బండిని ఆపితే అదంతా బ్రేకుల్లోకే వెళ్తుంది. అదే బండి 300 మీటర్ల ఎత్తు నుంచి కిందకి దిగితే సుమారు 2,940 కిలోజౌళ్లు, అంటే 100 వేగం నుంచి ఏడెనిమిది సార్లు పూర్తిగా ఆపినంత. ఇందులో కొంత ఇంజిన్, కొంత గాలి తీసుకుంటాయి, మిగతాదంతా బ్రేకులదే. డ్రమ్ము ఒక మూసిన గిన్నె లాంటిది, వేడి పుట్టేది లోపల, గాలి తగిలేది బయట. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచిస్తుంది. 228 మిల్లీమీటర్ల డ్రమ్ము 250 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం సుమారు 0.6 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే షూ నుంచి దూరంగా జరుగుతుంది, ఆ దూరాన్ని మన పెడల్ పూడ్చాలి. పెడల్ కిందకి దిగింది అందుకే. డిస్కు కూడా వేడికి మందం పెరుగుతుంది, కానీ పెరిగేది ప్యాడ్ల వైపుకే.

డ్రమ్ములో ఇంకో సంగతి ఉంది. ముందు షూ, అదే లీడింగ్ షూ, తిరిగే డ్రమ్ముకి తగలగానే ఆ తిరుగుడే దాన్ని ఇంకా లోపలికి లాక్కుంటుంది, మన కాలి బలానికి డ్రమ్ము తన బలం కూడా కలుపుకుంటుందన్నమాట. బూస్టర్ లేకుండా అప్పట్లో అంత బరువు కార్లని ఆపగలిగింది దీనివల్లే. చల్లగా ఉన్నప్పుడు ఇది వరం. లైనింగ్ (షూ మీద ఉండే ఘర్షణ పొర) వేడెక్కి ఘర్షణ కాస్త తగ్గిందంటే మాత్రం ఈ అదనపు బలం కూడా దానితో పాటే పడిపోతుంది, కాబట్టి ఘర్షణ తగ్గిన దానికన్నా బ్రేకు ఎక్కువ తగ్గుతుంది. డిస్కులో ఇలాంటి సాయం లేదు, ఇలాంటి మోసమూ లేదు. కాలుతో ఎంత నొక్కితే అంత. ఈ తేడాని చివరిదాకా గుర్తుపెట్టుకోవాలి, నేను మధ్యలో మరిచిపోయి దెబ్బతిన్నాను.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే డిస్క్ బ్రేకుకి పేటెంట్ తీసుకున్నాడు. 1953లో ఫ్రాన్స్‌లోని లెమాన్ 24 గంటల కార్ల రేసుని జాగ్వార్ సి-టైప్ డన్‌లప్ డిస్కులతో గెలిచింది. పొడవాటి స్ట్రెయిట్ చివర ప్రతి ల్యాప్‌లోనూ మిగతా వాళ్లకన్నా ఆలస్యంగా బ్రేక్ వేసి, 24 గంటల తర్వాత కూడా అలాగే వేయగలగడం అప్పుడు అందరూ చూశారు. 1955లో సిట్రోయెన్ డీఎస్ ముందు డిస్కులతో మామూలు జనం కొనుక్కునే కారుగా వచ్చింది. రేసుని గెలిపించిన గుణం కూడా ఇదే, పదోసారి తొక్కినా మొదటిసారిలాగే పట్టడం.

డిస్కుల మాట ఎత్తగానే నాకు తెలిసిన పాత మెకానిక్ ఒకాయన, "బాబూ, ముందు ఉన్న డ్రమ్ములు బాగుచెయ్యి, ఆ తర్వాత డిస్కుల సంగతి చూద్దాం" అన్నారు. అప్పుడు కాస్త చిరాకేసింది కానీ ఆయన చెప్పిందే సరైన దారి. విప్పి చూస్తే ఎడమ వైపు వీల్ సిలిండర్ (షూలని డ్రమ్ము మీదకి నెట్టే చిన్న సిలిండర్) కారి లైనింగ్ అంతా బ్రేక్ ఆయిల్‌తో తడిసి ఉంది, అందుకే బండి కుడి వైపుకి లాగేది. షూలు డ్రమ్ము వంపుకి సరిగ్గా ఆనడం లేదు, మధ్యలో అరచేతి మందం పట్టీ మాత్రమే అరిగింది. వీల్ సిలిండర్లు మార్చి, కొత్త లైనింగ్ వేయించి, అడ్జస్టర్లు సరిచేశాక కారు తిన్నగా, బలంగా ఆగడం మొదలెట్టింది. మీ కారు ఊళ్లో తిరగడానికే అయితే ఇక్కడితో ఆగిపోండి, డిస్కుల అవసరమే లేదు. నేను మళ్లీ అదే ఘాట్ రోడ్డు దిగి చూశాను, ఈసారి ఒంటరిగా. ఫేడ్, అంటే వేడికి బ్రేకు పట్టు తగ్గిపోవడం, ఆలస్యంగా వచ్చింది, కానీ వచ్చింది. అప్పుడు నిర్ణయించుకున్నాను.

వెనక డ్రమ్ములు అలాగే ఉంచేశాను. బ్రేక్ వేసినప్పుడు బరువు ముందుకి వాలుతుంది. చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు, బరువు కేంద్రం అర మీటరు పైన ఉన్న కారులో గట్టి బ్రేకుకి బరువులో దాదాపు 15 శాతం వెనక నుంచి ముందుకి వెళ్లిపోతుంది, సగం సగం ఉన్నది 65, 35 అవుతుంది. పని ఎక్కువ చేసేది ముందు చక్రాలే, వేడెక్కేదీ అవే. పైగా హ్యాండ్ బ్రేక్ కేబుల్ వెనక డ్రమ్ముల్లో చక్కగా పనిచేస్తుంటే దాన్ని కదిలించడం నాకు ఇష్టం లేదు. రంధ్రాలున్న డిస్కులు కూడా వద్దనుకున్నాను, చూడటానికి బాగుంటాయి కానీ ఆ రంధ్రాల అంచుల నుంచే పగుళ్లు మొదలవుతాయి, రోడ్డు మీద నడిచే బండికి సాదా డిస్కు చాలు.

డిస్కులు వేసుకోవడానికి విడిగా అమ్మే కిట్ కొనాలా, అదే కారు తర్వాతి మోడల్ సామాను వెతకాలా అన్నది తేల్చుకోవడానికి చాలా రోజులు పట్టింది. మా కారు తర్వాతి సంవత్సరాల్లో కంపెనీయే ముందు డిస్కులతో ఇచ్చింది, కాబట్టి ఆ మోడల్ స్టబ్ యాక్సిళ్లు (చక్రం తిరిగే ఇరుసు ముక్కలు), హబ్‌లు (చక్రాన్ని బిగించే మధ్య భాగాలు), కాలిపర్లు (ప్యాడ్లని డిస్కు మీదకి నొక్కేవి), బ్రాకెట్లు సెట్టుగా తెచ్చుకుని రిపేర్ కిట్లు వేసుకున్నాను. అలా దొరికే అవకాశం ఉంటే అదే మేలని నా నమ్మకం. కిట్‌లో వచ్చే బ్రాకెట్ ఎవరు ఏ లెక్కతో చేశారో మనకి తెలియదు, ఐదేళ్ల తర్వాత ప్యాడ్లు అరిగితే ఏ కారు ప్యాడ్లు వెతకాలో కూడా తెలియకుండా పోతుంది. కిట్టే కొనాల్సి వస్తే అందులో కాలిపర్ ఏ కారుది, డిస్కు ఏ కారుది, బేరింగ్ నంబర్లేంటి అన్నవి రాసివ్వమని అడగండి. రాసివ్వనంటే వదిలేయండి.

కొనేముందు చూసుకోవాల్సింది చక్రం. పాత 13 అంగుళాల చక్రం లోపల డ్రమ్ముకి సరిపడా చోటే ఉంటుంది, కాలిపర్ అంతకన్నా లావుగా ఉంటుంది. నేను అట్టముక్కతో కాలిపర్ ఆకారం కత్తిరించి హబ్ మీద పెట్టి చక్రం లోపల తిప్పి చూశాను. రిమ్ముకీ కాలిపర్‌కీ మధ్య కనీసం 3 మిల్లీమీటర్లైనా ఉండాలి. నాకు ఖాళీ సరిపోయింది కానీ రిమ్ము లోపలి అంచుకి కొట్టి ఉన్న బ్యాలెన్సింగ్ బరువులు కాలిపర్‌కి తగిలేవి, వాటిని తీయించి అంటించే రకం వేయించాను. కొన్ని హబ్‌లతో చక్రం కొన్ని మిల్లీమీటర్లు బయటికి జరుగుతుంది, అప్పుడు స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డ్ అంచుకి రాసుకుంటుందేమో కూడా చూడాలి.

విప్పే రోజు. జాకీ మీద వదిలేయకుండా స్టాండ్ల మీద నిలబెట్టాను. పాత డ్రమ్ముల్లో ఉన్న నల్లటి పొడిని గాలితో ఊదకండి, ఆ కాలపు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. నేను మాస్క్ పెట్టుకుని, నీళ్లు చల్లి తడిపి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డల్ని కవర్లో కట్టి పారేశాను. తర్వాత హబ్‌లు, బేరింగులు. కొత్త బేరింగులకి వేడి తట్టుకునే గ్రీజు లోపలి రోలర్ల దాకా అరచేత్తో దట్టించాలి, డిస్కు దగ్గర హబ్ డ్రమ్ము దగ్గర కన్నా ఎక్కువ వేడెక్కుతుంది. నట్టు బిగించేటప్పుడు హబ్‌ని చేత్తో తిప్పుతూ బిగించి, మళ్లీ వదులు చేసి, వేళ్లతో ఆనేదాకా తెచ్చి పిన్ను వేశాను. టేపర్ రోలర్ బేరింగుకి వెంట్రుక వాసి ఆట ఉండాలి, అస్సలు లేకుండా బిగిస్తే కాలిపోతుంది. డయల్ గేజ్ పెట్టి డిస్కు ఊగు (తిరిగేటప్పుడు అటూ ఇటూ ఎంత కదులుతుందో) చూస్తే కుడి వైపు 0.04 మిల్లీమీటర్లు, ఎడమ వైపు 0.15. ఎడమది ఎక్కువ. హబ్ మీద డిస్కు కూర్చునే చోట చిన్న తుప్పు పొర ఉంది, అది గీకేసి మళ్లీ బిగిస్తే 0.05కి వచ్చింది. అలా వదిలేసి ఉంటే పెడల్ కింద కాలికి ఆ ఊగు తెలుస్తూనే ఉండేది. సాయంత్రానికి రెండు వైపులా కాలిపర్లు, ప్యాడ్లు అన్నీ కూర్చున్నాయి. చక్రాల సందుల్లోంచి మెరిసే డిస్కుల్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాను, పని అయిపోయిందనుకున్నాను.

నిజానికి అసలు పని అప్పుడే మొదలైంది. చక్రం దగ్గర కనిపించేది బ్రేకుకి ఒక చివర మాత్రమే, రెండో చివర మన కాలి కింద ఉంటుంది, ఆ మధ్యలో ఉన్నదంతా డ్రమ్ముల లెక్కలో తయారైంది.

మాస్టర్ సిలిండర్ సంగతి చూడండి. డ్రమ్ము వీల్ సిలిండర్ వ్యాసం 22 మిల్లీమీటర్లు, కాలిపర్ పిస్టన్ వ్యాసం 54, అంటే వైశాల్యంలో ఆరు రెట్లు. డిస్కుకి సొంత బలం లేదని చెప్పాను కదా, ఆ లోటుని ఇంత పెద్ద పిస్టన్, దానికి తోడు ఎక్కువ ప్రెషర్ పూడ్చాలి. ప్రెషర్ పెరగాలంటే బూస్టర్ పెట్టాలి, లేదంటే మాస్టర్ సిలిండర్ బోరు, అంటే లోపలి వ్యాసం, తగ్గించాలి. బూస్టర్ ఇంజిన్ వాక్యూమ్‌తో పనిచేస్తుంది, మా బానెట్ కింద దానికి చోటు లేదు, చోటు కోసం పెడల్ బ్రాకెట్ కోయడానికి మనసొప్పలేదు. అందుకని 1 అంగుళం బోరు తీసేసి 7/8 అంగుళం బోరున్నది, రెండు సర్క్యూట్లది తీసుకున్నాను. అదే కాలి బలానికి ప్రెషర్ సుమారు 30 శాతం పెరుగుతుంది, బదులుగా పెడల్ 30 శాతం ఎక్కువ దూరం నడుస్తుంది. ఇక్కడ ఉచితంగా వచ్చేదేమీ లేదు. రెండు సర్క్యూట్లు కావడం వల్ల ఒక పైపు పగిలినా ఇంకో జత చక్రాలకైనా బ్రేకు మిగులుతుంది, డిస్కులు వేయని వాళ్లు కూడా ఈ ఒక్క మార్పు చేసుకుంటే ఎంతో మేలు. ఆయిల్ డబ్బా పెద్దదై ఉండాలన్నది కూడా ముఖ్యమే, ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ బయటికి వచ్చి దాని వెనక చోటంతా ఆయిలే నింపుతుంది, చిన్న డబ్బా అయితే తెలియకుండానే అడుగంటుతుంది.

పైపులు కొత్తవి వేశాను, కాపర్-నికెల్ పైపు, చేత్తో వంచడానికి బాగుంటుంది, తుప్పు పట్టదు. ఒక హెచ్చరిక. పాత కారులో అంగుళాల థ్రెడ్, కొత్త సామానులో మెట్రిక్ థ్రెడ్ కలిసిపోతాయి. 3/8 అంగుళం నట్టు 10 మిల్లీమీటర్ల రంధ్రంలోకి ఎక్కేస్తుంది, కాస్త వదులుగా, బిగిసినట్టే అనిపిస్తుంది, గట్టిగా తొక్కిన రోజు ఊడి వస్తుంది. పైపు చివర ఫ్లేర్ (విప్పారిన అంచు) కూడా రెండు రకాలు, ఒకటి లోపలికి మడిచిన గరాటులా, ఇంకోటి బుడగలా ఉంటుంది, ఒక రకం సీటులో ఇంకో రకం కూర్చోదు, కారుతుంది. అనుమానం వస్తే థ్రెడ్ గేజ్ పెట్టి చూడండి, చేతి అంచనా మీద వదలకండి. రబ్బరు హోస్‌లు వేశాక స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, చక్రం వేలాడేలా ఒకసారి, బరువు మీద ఒకసారి చూశాను, ఎక్కడా సాగకూడదు, టైరుకి తగలకూడదు.

తర్వాత ఎయిర్ తీయడం, అంటే పైపుల్లో చిక్కుకున్న గాలిని బయటికి పంపడం. మా అక్క పెడల్ దగ్గర కూర్చుంది, నేను చక్రం దగ్గర.

"అక్కా, నొక్కు."

"నొక్కా."

"వదలకు... వదలకు... ఇప్పుడు వదులు."

ఒక లీటరు ఆయిల్ అయిపోయింది, బుడగలు రావడం ఆగిపోయింది, పెడల్ మాత్రం స్పంజిలా ఉంది. ఇంకో అరలీటరు పోశాం. "ఒరేయ్, ఇది ఇంకా మెత్తగానే ఉందిరా, నువ్వేదో తప్పు చేశావు" అంది అక్క. నిజంగానే తప్పు చేశాను. ఎడమ కాలిపర్ కుడి వైపుకి, కుడి కాలిపర్ ఎడమ వైపుకి బిగించాను. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, బోల్టులు కూడా చక్కగా పడతాయి, కానీ బ్లీడ్ నిప్పుల్ (గాలి తీయడానికి తెరిచే మర) కిందకి వచ్చేస్తుంది. గాలి పైకి పోతుంది, నిప్పుల్ అడుగున ఉంటే పైన చేరిన గాలి ఎన్ని లీటర్లు పోసినా బయటికి రాదు. నిప్పుల్ ఎప్పుడూ పిస్టన్‌కి పైభాగంలో ఉండాలి. అటువి ఇటు, ఇటువి అటు మార్చి మళ్లీ మొదలెడితే పావుగంటలో పెడల్ గట్టిపడింది. మాస్టర్ సిలిండర్‌ని కారులో బిగించే ముందే బల్ల మీద పెట్టి, పైపులు తిప్పి డబ్బాలోకే పెట్టి గాలి తీసేయడం వల్ల ఆ వైపు ఇబ్బంది రాలేదు, ఆ పని తప్పకుండా చేయండి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ వాడాను. కొత్తగా ఉన్నప్పుడు అది కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోతుంది, అందుకే రెండేళ్లకోసారి మార్చాలి. పెయింట్ మీద ఒక్క చుక్క పడినా వెంటనే నీళ్లతో కడగండి.

మొదటిసారి రోడ్డెక్కిన రోజు రెండు కిలోమీటర్లు హాయిగా నడిచింది. మూడో కిలోమీటరు దగ్గర గేరు తీసేస్తే బండి ముందుకి జారకుండా వెంటనే నెమ్మదించింది. ఆపి ముందు చక్రం దగ్గర చెయ్యి పెడితే పెట్టలేనంత వేడి, వెనకవి చల్లగా. ప్యాడ్లు డిస్కుని వదలడం లేదు. డ్రమ్ములప్పుడు బ్రేక్ ఎక్కువసేపు వాడితే వేడెక్కేది, ఇప్పుడు వాడకుండానే వేడెక్కుతోంది! ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు.

ఇలా పట్టేసినప్పుడు ఎక్కడ పట్టేసిందో వెతకడానికి ఒక వరస ఉంది, ఇది మాత్రం ప్రతి ఒక్కరూ నేర్చుకోవాలి. ముందు చక్రం పైకెత్తి, బ్రేక్ ఒకసారి తొక్కి వదిలి, చేత్తో తిప్పి బిగువుగా ఉందో లేదో చూసుకోండి. మాస్టర్ సిలిండర్ పట్టి ఉంచే రెండు నట్లు వదులు చేసి దాన్ని కొద్దిగా ముందుకి జరపండి, అప్పుడు చక్రం వదిలేస్తే పెడల్ని సిలిండర్ పిస్టన్‌కి కలిపే కడ్డీ, అదే పుష్‌రాడ్ పొడవెక్కువైందని అర్థం, అది పిస్టన్‌ని పూర్తిగా వెనక్కి రానివ్వక ఆయిల్ డబ్బాలోకి తిరిగి వెళ్లే చిన్న రంధ్రాన్ని మూసేస్తోంది. వదలకపోతే మాస్టర్ సిలిండర్ దగ్గర పైపు నట్టు కాస్త తిప్పండి, ఇప్పుడు వదిలేస్తే తప్పు సిలిండర్ లోపల ఉంది. అప్పటికీ వదలక, చక్రం దగ్గర బ్లీడ్ నిప్పుల్ తెరిస్తే వదిలితే, మధ్యలో హోస్ లోపల మూసుకుపోయింది. నిప్పుల్ తెరిచినా వదలకపోతే కాలిపర్ పిస్టనే పట్టేసింది. ఒక్కొక్క మెట్టు తర్వాత మళ్లీ బ్రేక్ తొక్కి చూడాలి. అంతా అయ్యాక మళ్లీ ఎయిర్ తీయాలి.

నాకు పైపు నట్టు దగ్గర వదిలింది. అంటే సిలిండర్ లోపలే. డ్రమ్ము బ్రేకుల మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ బయటికి వెళ్లే చోట ఒక చిన్న రబ్బరు వాల్వు ఉంటుంది, పెడల్ వదిలినా పైపుల్లో సుమారు 10 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ప్రెషర్ మిగిలేలా చూస్తుంది. డ్రమ్ములకి అది అవసరం, వీల్ సిలిండర్ రబ్బర్లు గోడకి ఆని ఉండి గాలి లోపలికి రాకుండా ఆపేది ఆ ప్రెషరే, షూలని వెనక్కి లాగడానికి బలమైన స్ప్రింగులు ఎలాగూ ఉంటాయి. కాలిపర్‌లో స్ప్రింగులు లేవు, పిస్టన్‌ని వెనక్కి లాగేది చదరపు అంచుల రబ్బరు సీల్ ఒక్కటే, అదీ వెంట్రుక వాసి దూరం. 54 మిల్లీమీటర్ల పిస్టన్ మీద 10 పీఎస్ఐ అంటే దాదాపు 16 కిలోల బలం, బ్రేక్ వేయకపోయినా ఎప్పుడూ ప్యాడుని అదుముతూనే ఉంటుంది. నాకు సిలిండర్ అమ్మిన వాళ్లు డ్రమ్ములకీ డిస్కులకీ రెండింటికీ పనికొస్తుందని చెప్పారు, నేను విప్పి చూడకుండా నమ్మాను. బిగించే ముందు సన్న తీగ ఒకటి ఆ రంధ్రంలో పెట్టి ఉంటే కొద్దిలోనే మెత్తగా రబ్బరు తగిలేది, ఒక్క నిమిషం పని. ముందు చక్రాలకి వెళ్లే రంధ్రంలో ఇత్తడి సీటు ఊడదీసి, వాల్వు తీసేసి, కొత్త సీటు వేశాను. వెనక్కి వెళ్లే రంధ్రంలో అలాగే ఉంచాను, అక్కడ డ్రమ్ములే కాబట్టి. ఒక మినహాయింపు, మాస్టర్ సిలిండర్ నేల కింద, కాలిపర్ల కన్నా తక్కువ ఎత్తులో ఉండే కార్లలో డిస్కుల లైనుకి 2 పీఎస్ఐ వాల్వు వేయాలి, లేకపోతే ఆయిల్ కిందకి జారిపోతుంది.

ఆ తర్వాత ముందు చక్రాలు చల్లగా, తేలిగ్గా తిరిగాయి. ఇక అంతా అయిందనుకుంటుండగా ఖాళీ రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేస్తే వెనక భాగం పక్కకి జారబోయింది. పెడల్ వదిలేస్తే సర్దుకుంది, కానీ గుండె గొంతులోకొచ్చింది. ఆలోచిస్తే కారణం నేను చేసిన పనిలోనే ఉంది. బోరు తగ్గించి ప్రెషర్ 30 శాతం పెంచింది ముందు డిస్కుల కోసం, కానీ అదే ప్రెషర్ వెనక్కి కూడా వెళ్తుంది. వెనక డ్రమ్ములకి సొంత బలం ఎలాగూ ఉంది, ముందు చక్రాలకి అది పోయింది. లెక్క తలకిందులైంది. ముందు చక్రాలు లాక్ అయితే బండి తిన్నగా జారుతుంది, వెనక చక్రాలు ముందు లాక్ అయితే బండి తిరిగిపోతుంది, తడి రోడ్డు మీదైతే క్షణంలో. ఈ ఒక్క కారణం చాలు, చక్రాల దగ్గర డిస్కులు బిగించి మిగతాది వదిలేసిన కారుని నేను పాత డ్రమ్ముల కారు కన్నా ప్రమాదమైనదిగా చూస్తాను.

వెనక లైనులో సర్దుబాటు చేసుకునే ప్రపోర్షనింగ్ వాల్వు పెట్టాను. ఒక ప్రెషర్ దాటాక వెనక్కి వెళ్లేదాన్ని అది తగ్గిస్తుంది. మొదట పూర్తిగా తగ్గించి పెట్టి, బండ్లు తిరగని పొడవాటి రోడ్డు మీద గంటకి 50 కిలోమీటర్ల వేగం నుంచి గట్టిగా తొక్కుతూ, ఒక్కో చుట్టు వెనక్కి పెంచుకుంటూ వచ్చాను. అక్క రోడ్డు పక్కన దూరంగా నిలబడి ఫోన్‌లో వీడియో తీసింది, ఏ చక్రం ముందు పట్టేస్తోందో లోపల కూర్చున్న వాళ్లకి సరిగ్గా తెలియదు. తొమ్మిదోసారి వెనకది కూడా ముందుదానితో పాటే పట్టేసింది, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు తగ్గించి లాక్ నట్టు బిగించేశాను. వర్షం పడ్డ మర్నాడు మళ్లీ చూశాను, ముందు చక్రాలే ముందు పట్టేశాయి.

కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదిరేలా అరగతీయడం గురించి రెండు మాటలు. గంటకి 60 కిలోమీటర్ల నుంచి 15 దాకా మధ్యస్థంగా బ్రేక్ వేస్తూ, పూర్తిగా ఆపకుండా, ఒక పదిసార్లు, ఆ తర్వాత బ్రేక్ ముట్టుకోకుండా కాసేపు నడిపి చల్లార్చాలి. వేడి మీద ఆపి పెడల్ తొక్కి ఉంచితే ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకే చోట అంటుకుని తర్వాత ఎప్పుడూ వణుకుతుంది.

బూస్టర్ లేదు కాబట్టి పెడల్ ఇప్పటి కార్లలాగా మెత్తగా ఉండదు. అక్క నడిపినప్పుడు మొదటి రోజు గట్టిగా ఉందంది, వారానికి అలవాటు పడింది. నాకు ఈ గట్టిదనం చాలా నచ్చింది, కాలికి తెలిసిందే చక్రం దగ్గర జరుగుతుంది. మీ వాళ్లు ఎవరైనా నడపడానికి కష్టపడతారనుకుంటే బూస్టర్‌కి చోటు చేసుకోండి, అప్పుడు బోరు మళ్లీ పెద్దది కావాలి, పుష్‌రాడ్ కొలత కొత్తగా సరిచూడాలి, ఇంజిన్ ఐడిల్‌లో వాక్యూమ్ చాలినంత ఉందో గేజ్ పెట్టి కొలవాలి.

పోయిన నెల అమ్మని తీసుకుని అదే ఘాట్ రోడ్డు దిగాను. కింద దాకా పెడల్ ఒకే చోట ఉంది. కిందకి వచ్చాక ఆపి దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను, ముందు రెండూ సమానంగా వేడిగా, వెనక రెండూ గోరువెచ్చగా. అమ్మ దారంతా నిద్రపోయింది. ఇంటికొచ్చి హబ్ నట్లు, కాలిపర్ బోల్టులు మళ్లీ ఒకసారి టార్క్ రెంచ్‌తో చూశాను, ఆయిల్ పోసిన తేదీ టేపు మీద రాసి డబ్బాకి అంటించాను. పాత డ్రమ్ములు, షూలు, బ్యాక్ ప్లేట్లు, ఆ 1 అంగుళం మాస్టర్ సిలిండర్ కడిగి, ఆయిల్ రాసి, ఏది ఏ వైపుదో చీటీ కట్టి అటక మీద పెట్టాను. కారులో ఎక్కడా ఒక్క రంధ్రం కొత్తగా వేయలేదు, ఒక్క ఇనుపముక్క కోయలేదు, ఎప్పుడైనా ఎవరికైనా ఆ కారు పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే కావాలనిపిస్తే అన్నీ అక్కడే ఉన్నాయి.